మొసలి చర్మం లాంటి బెరడు, అడితివాళ్లు పెద్దేగి అంటున్నారు. ఎలా తేల్చాలి?

గుమ్మం_కొలత

ద్వారబంధాల కోసం ఖమ్మం వైపు ఒక అడితిలో దుంగ చూశాను. పెద్దేగి అని చెప్పి పెద్దేగి ధరే అడుగుతున్నారు. నాకైతే అనుమానంగా ఉంది. వివరాలు ఇవి:

పొడవు 7 అడుగులు, నడిమధ్యలో బెరడు మీదుగా చుట్టుకొలత 42 అంగుళాలు. బెరడు ముదురు బూడిద రంగు, కొన్నిచోట్ల నలుపు. నిలువునా అడ్డంగా లోతైన పగుళ్లు, మధ్యలో అగ్గిపెట్టెంత పలకలు. బెరడు మందం ముప్పావు అంగుళం ఉంది. కోసిన కొసకు జాజు పూశారు. గీకితే చుట్టూ అంగుళంన్నర తెల్లచెక్క కాస్త ఎరుపు కలిసి ఉంది, లోపలి చేవ గోధుమరంగు, అందులో ముదురు చారలు. ప్రత్యేకమైన వాసన ఏదీ తెలియలేదు. ఆకు లేదు, కాయ లేదు.

అరచెయ్యంత ముక్క కోసి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. బెరడును బట్టి ఏమైనా చెప్పగలరా? ముక్క చేతికొచ్చాక ఏం చూడాలి?

రంపంపొట్టు

పలకల బెరడంటే ఎర్రచందనం అండీ. దాని జోలికి వెళ్లకండి.

అడవిబాట

రంపంపొట్టు గారూ, తొందరపడ్డారు. ఎర్రచందనం బెరడు కూడా నల్లగా, నిలువు అడ్డం పగుళ్లతో పలకలుగా ఉండేమాట నిజమే. కానీ మన అడవుల్లో అలాంటి బెరడు కనీసం మూడింటికి ఉంది: నల్లమద్ది, ఎర్రచందనం, తునికి. బెరడు ఒక్కటే చూస్తే మూడూ ఒకేలా కనబడతాయి. కొస చూస్తే మాత్రం పొరబడే వీల్లేదు.

ఎర్రచందనం చేవ గోధుమరంగులో ఉండదు. కోసిన కొత్తలో ముదురు ఎరుపు, పాతబడితే ఊదా కలిసిన నలుపు. ఎండిన చేవముక్క నీళ్లలో వేస్తే మునుగుతుంది. అనుమానం తీరకపోతే చిటికెడు పొట్టు స్పిరిట్‌లో వేయాలి, స్పిరిట్ ఎర్రగా మారుతుంది. అదే పొట్టు చన్నీళ్లలో వేస్తే రంగు దాదాపు దిగదు; ఆ రంగుపదార్థం నీళ్లలో కరిగేది కాదు. ఇంకోమాట, ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, కడప, చిత్తూరు, నెల్లూరు చుట్టుపక్కల కొండల్లో. ఖమ్మం అడితిలో మామూలు కలపల మధ్య అది పడి ఉండదు.

తునికి అయితే లోపలి చేవ నల్లగా, అంచులు వంకర టింకరగా, చిన్న గుండెకాయలా ఉంటుంది. దాని చుట్టూ లేత గులాబీ బూడిద రంగు చెక్కే ఎక్కువ భాగం. సన్నని రంధ్రాలు ఉత్తకంటికి కనబడవు. మీరు చెప్పిన చేవకూ దీనికీ పోలికే లేదు.

ఇక పెద్దేగి. దాని బెరడు బూడిదలో పసుపు గోధుమ కలిసిన రంగు. పగుళ్లు నిలువుగా ఉంటాయి, పైపొర పెచ్చులుగా లేస్తుంది. ఇలా చతురస్రాలుగా తెగదు. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు బంక. పచ్చిచెట్టుకు గాటు పెడితే నెత్తురులా ఎర్రటి బంక కారి, గాలికి గట్టిపడి గాజుముక్కలా ముదురు ఎరుపు అవుతుంది. నరికిన దుంగలో కూడా బెరడు పగుళ్లలోనో, కోసినచోట బెరడుకూ చెక్కకూ మధ్యనో, ఎండిన నెత్తుటి చుక్కల్లాంటివి దొరుకుతాయి. టార్చి వేసి దుంగ పొడవునా వెతకండి. కొమ్మ నరికిన ముడుల దగ్గర ముందు చూడండి.

నా అంచనా నల్లమద్ది. బెరడు చూసేటప్పుడు ఒక జాగ్రత్త: చూస్తున్న పెచ్చు ఆ దుంగకే అతుక్కుని ఉందో లేదో గట్టిగా లాగి చూడండి. అడితి కుప్పలో ఒక దుంగ బెరడు ఊడి ఇంకోదాని మీద పడి ఉండటం మామూలే. మొదలు దగ్గర బెరడు ఎప్పుడూ మందంగా, గరుకుగా ఉంటుంది, కొమ్మల మీద నున్నగా ఉంటుంది. రెండూ దారి తప్పిస్తాయి. మనిషి ఛాతీ ఎత్తున కాండం మీద ఉండే బెరడే పోలికకు సరైనది. నిప్పు తగిలి నల్లబడ్డ బెరడును నల్లబెరడు అనుకోవద్దు, వేలితో రుద్దితే మసి అంటుతుంది.

చిత్రిక_ఉలి

అడవిబాట గారు చెప్పినదానికి తోడు, ముక్క చేతికొచ్చాక చేయాల్సినవి.

ముందు ముక్క ఎక్కడినుంచి తీయాలన్నది. బెరడు వైపు తెల్లచెక్క వద్దు, నడిబొడ్డు వద్దు. చేవలో బయటి అంచు నుంచి ఒక అంగుళం లోపలికి. కొసన ఎండకు పగిలిన మొదటి రెండంగుళాలు రంపంతో తీసేసి, దాని వెనక కోయించండి. జాజు పూసిన భాగమూ దాంతోనే పోతుంది.

అడ్డకోత ముఖాన్ని గరుకు కాగితంతో రుద్దడం చాలామంది చేసే పొరపాటు. పొట్టు రంధ్రాల్లో కూరుకుని ఏమీ కనిపించదు. కొత్త బ్లేడు తీసుకుని, ముక్కను అయిదు నిమిషాలు నీళ్లలో నానబెట్టి, బొటనవేలి గోరంత జాగాను ఒక్క లాగులో పలచగా చెక్కండి. బ్లేడును ముందుకు నెట్టకుండా పక్కకు జారుస్తూ లాగాలి. మద్ది లాంటి గట్టి కలపకు ప్రతి రెండు కోతలకూ కొత్త అంచు వాడాలి, లేకపోతే కణాలు నలిగి ముఖం మసకబారుతుంది. తర్వాత 10 రెట్ల భూతద్దం. అద్దాన్ని కంటికి ఆనించి పెట్టుకుని ముక్కను దగ్గరికి తేవాలి, ముక్కమీద అద్దం పెట్టి పైనుంచి తొంగిచూస్తే లాభం లేదు. వెలుగు పక్కనుంచి పడాలి.

ఏం కనబడాలి? పెద్దేగిలో రంధ్రాలు ఉత్తకంటికే తెలుస్తాయి. వాటి చుట్టూ లేతరంగు మెత్తని కణజాలం రెక్కల్లా చాచుకుని, పక్క రంధ్రాల రెక్కలతో కలిసి సన్నని అలల్లా సాగుతుంది. మద్దిలోనూ రంధ్రాల చుట్టూ కన్ను ఆకారంలో లేత కణజాలం ఉండి, అక్కడక్కడా కలుస్తుంది. నిజం చెప్పాలంటే కొత్తవాళ్లకు ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఇక్కడ బుర్ర బద్దలుకొట్టుకోవద్దు.

తేల్చేది ఇంకో ముఖం. బెరడుకు సమాంతరంగా ఉండే పలకను నున్నగా చిత్రిక పట్టి, కొంచెం తడిపి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. పెద్దేగిలో ఆ ముఖం మీద అడ్డంగా, దువ్వెన పళ్లంత దగ్గర దగ్గరగా, నీటి మీది చిరుఅలల్లాంటి గీతలు వరసగా ఉంటాయి. పెద్దేగి జాతి చెట్లన్నిటికీ ఈ గుణం ఉంది, ఎర్రచందనంతో సహా. జిట్రేగిలోనూ కనిపిస్తుంది. మద్దిలో ఉండదు. గీతలు లేకపోతే పెద్దేగి కాదని చెప్పేయొచ్చు.

రెండోది నీళ్ల పరీక్ష. పెద్దేగి చేవతో చేసిన గ్లాసులో నీళ్లు పోసి తాగే అలవాటు చాలామందికి తెలిసిందే. ఆ నీళ్లు రంగు మారడమే ఇక్కడ మనకు పనికొచ్చేది. చేవ పొట్టు ఒక చెంచా, తెల్లగాజు గ్లాసులో 100 మిల్లీలీటర్ల నీళ్లు. 15 నిమిషాలు వదిలేయండి. నీళ్లు తేనెరంగుకు వస్తాయి. గ్లాసు వెనక నల్లగుడ్డ పెట్టి, ఎండ పక్కనుంచి పడేలా చూస్తే అంచుల్లో నీలిమెరుపు కనబడుతుంది. 365 నానోమీటర్ల అతినీలలోహిత (యూవీ) టార్చి ఉంటే చీకటిగదిలో ఇంకా తేలిక. 395 టార్చి చవకే కానీ దాని ఊదా వెలుగే కళ్లను కమ్మేస్తుంది.

ఇందులో తప్పులు ఎక్కడ వస్తాయంటే: గ్లాసుకు సబ్బు మిగిలి ఉంటే అదే నీలంగా మెరుస్తుంది, టిష్యూ కాగితం, తెల్లకాగితం కూడా అంతే. అందుకే పక్కన ఉత్త నీళ్ల గ్లాసు ఒకటి పెట్టాలి. ఆర్‌ఓ ఫిల్టరు నీళ్లు కొంచెం పులుపు వైపు ఉంటాయి, పులుపు తగిలితే ఈ మెరుపు ఆరిపోతుంది. ఆవగింజంత వంటసోడా కలిపితే తిరిగి వస్తుంది. (ఇలాంటి మెరుపు మీదే శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ 1664లోనే రాశాడు, పులుపు వేస్తే పోతుందని, క్షారం వేస్తే వస్తుందని.) తెల్లచెక్క పొట్టు, ఏళ్ల తరబడి ఎండావానల్లో నానిన పైపొర పొట్టు వాడితే పెద్దేగి కూడా మెరవకపోవచ్చు.

తుప్పునీళ్లు పోసి నల్లబడుతుందా అని చూసే పరీక్ష మాత్రం ఇక్కడ దండగ. మద్దిలో టానిన్ (ఇనుము తగిలితే నల్లబడే వగరు పదార్థం) ఉంది, పెద్దేగి బంకలోనూ ఉంది. రెండూ ముదురుతాయి.

పెద్దరంపం

అన్నా, అసలు గొడవ పేర్లతోనే మొదలైతది. అడితిల "ఏగి" అంటే ఒకలికి పెద్దేగి, ఇంకొకలికి జిట్రేగి. పెద్దేగి పసుపు గోధుమ, జిట్రేగి ఊదా గోధుమ మీద నల్లచారలు. రెండూ వేరే చెట్లు, వేరే ధరలు. గట్లనే "వేప" అని అడిగితే నారయేపి చూపిస్తరు. అది నీళ్లల్ల మునిగేంత బరువు, మన వేపకు ఏ చుట్టరికం లేదు. మలబారు వేప ఇంకో తీరు: చేతిల పట్టుకుంటెనే తెలుస్తది, అసలు వేపల సగం బరువుకు కొంచెం ఎక్కువ ఉంటదంతే. ప్లైవుడ్‌కు మంచిగుంటది, గుమ్మానికి కాదు.

బిల్లు మీద ఏం రాసిండ్రో అడుగు. ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర దిక్కుకెల్లి వచ్చిన దుంగలైతే అక్కడి పేరే ఉంటది. సాజా, సాజ్, ఐన్, ఈ మూడిట్ల ఏది రాసి ఉన్నా అది నల్లమద్దే. బీజా, బీజాసాల్ అని ఉంటే పెద్దేగి. కన్నడం దిక్కు మత్తి అంటే మద్ది, హొన్నె అంటే పెద్దేగి. తమిళంల కరుమరుదు, వేంగై. రవాణా పర్మిట్‌ల చెట్టు పేరు తప్పకుంట రాస్తరు. అది చూపియ్యకుంటె ఆడనే ఆగు.

గుమ్మం_కొలత

అందరికీ ధన్యవాదాలు. ముక్క తెచ్చి చూశాను.

బంక చుక్కలు దుంగలో ఎక్కడా లేవు. ముడుల దగ్గరా లేవు. బెరడు దుంగకే గట్టిగా అతుక్కుని ఉంది. చిత్రిక పట్టిన ముఖం మీద అల గీతలు కనబడలేదు, భూతద్దంతో కూడా. నీళ్లు లేత టీ రంగుకు వచ్చాయి, సోడా వేసినా నీలిమెరుపు లేదు. ఉత్త నీళ్ల గ్లాసుకూ దీనికీ ఆ విషయంలో తేడా లేదు.

బరువు కూడా చూశాను. అంగుళం మందం ముక్కను ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర రెండు రోజులు, తూకం ఇక తగ్గనంతవరకు ఉంచాను. 86 గ్రాములు. త్రాసు మీద నీళ్లగిన్నె పెట్టి, సున్నా చేసి, సూదితో ముక్కను అడుగు తగలకుండా ముంచితే 97 గ్రాములు చూపించింది. అంటే ముక్క ఘనపరిమాణం 97 ఘన సెంటీమీటర్లు, 86ను 97తో భాగిస్తే సాంద్రత 0.89. పర్మిట్ అడిగితే "రేపు చూపిస్తాం" అన్నారు.

ఇది మద్దే అనుకోవచ్చా? మద్ది అయితే తెల్లమద్ది కాదని ఎలా చెప్పాలి?

చిత్రిక_ఉలి

తూకం వేసిన పద్ధతి సరైనదే. ముక్క మునిగిన వెంటనే అంకె చదవాలి, ఆలస్యమైతే నీళ్లు పీలుస్తుంది. గాలికి ఎండిన పెద్దేగి 0.8 దగ్గర, నల్లమద్ది సాధారణంగా 0.85 నుంచి 0.95 మధ్య, టేకు 0.65 దగ్గర ఉంటాయి. చెట్టుకూ చెట్టుకూ తేడా ఉంటుంది కాబట్టి 0.89 అన్న అంకె ఒక్కటే చేతిలో ఉంటే పెద్దేగి కాదని నేను అనను. టేకు కాదని మాత్రం అంటాను. మీ కేసులో అల గీతలు లేవు, మెరుపు లేదు, బంక లేదు. పెద్దేగి కాదు.

నల్లమద్దా తెల్లమద్దా అన్నది చెక్క చూసి చెప్పడం కష్టం. రెండూ ఒకే జాతి, భూతద్దం కింద అన్నదమ్ముల్లా ఉంటాయి. ఇక్కడ తీర్పు చెప్పేది బెరడే, అందుకే బెరడు ఒలిచేసిన మద్ది దుంగను ఎవరూ ధైర్యంగా ఫలానా అని చెప్పరు. తెల్లమద్ది, అంటే వాగుల ఒడ్డున పెరిగే ఏరుమద్ది, బెరడు నున్నగా, లేత బూడిద మీద గులాబీ ఛాయతో, పెద్ద పెద్ద పలచని రేకులుగా ఊడుతుంది. ఆయుర్వేదంలో అర్జున పట్ట అంటారే, అదే. మొదట్లో కాండం గాడులు పడి గోడల్లా పొడుచుకొస్తుంది కనుక కొస గుండ్రంగా ఉండదు. మీది పలకల బెరడు, అది నల్లమద్ది.

రాతపూర్వకంగా కావాలంటే బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థకు గానీ డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థకు గానీ నమూనా పంపొచ్చు. రెండుచోట్లా పోల్చిచూడటానికి కలప నమూనాల భాండాగారాలు ఉన్నాయి. ఒక్క దుంగకైతే అంత అవసరం లేదనే నా ఉద్దేశం.

అడవిబాట

నల్లమద్దే. ఇక ధర మాట. బెరడు మీదుగా కొలిచి ఉంటే ముందు అక్కడ పట్టుకోండి.

అడితి లెక్క తెలిసిందే: చుట్టుకొలతలో నాలుగో వంతు, దానికి వర్గం, ఇంటూ పొడవు. 42 అంగుళాలకు నాలుగో వంతు 10.5, వర్గం 110.25, ఇంటూ 7, భాగించు 144. 5.36 ఘనపుటడుగులు. మీ బెరడు మందం ముప్పావు అంగుళం కాబట్టి, బెరడు తీస్తే చుట్టుకొలత దాదాపు 4.7 అంగుళాలు తగ్గి 37.3 అవుతుంది. అదే లెక్క కడితే 4.23. అంటే ఘనపుటడుగుకు పైగా బెరడుకే డబ్బు కడుతున్నారు, అయిదో వంతు. మద్ది లాంటి మందబెరడు చెట్లకు ఈ తేడా ఎక్కువ. నాలుగో వంతు లెక్కలో అసలు ఘనపరిమాణంలో 78 శాతమే వస్తుంది, కోతలో పోయేదానికి అది సర్దుబాటు అంటారు. కానీ ఆ సర్దుబాటు బెరడు కోసం కాదు. రెండుచోట్ల బెరడు చెక్కించి టేపు పెట్టి మళ్లీ కొలవమనండి.

ఆ పైన తెల్లచెక్క. చుట్టూ అంగుళంన్నర పోతే చేవ వ్యాసం 9 అంగుళాల లోపే మిగులుతుంది. 5 × 3 అంగుళాల ద్వారబంధం కమ్మెలు రెండు వస్తాయి, కోతమిల్లులో దుంగ పడక సరిగ్గా వేస్తే. తెల్లచెక్కను కమ్మెలో కలపనివ్వొద్దు, పుచ్చు పట్టేది అక్కడే.

గుమ్మం_కొలత

మద్ది ధరకు ఇస్తే తీసుకోవచ్చంటారా? గుమ్మానికి పనికొస్తుందా?

పెద్దరంపం

పనికొస్తది, మస్తు గట్టిది. కాకపోతె ఆరేటప్పుడు పగులుతది. మద్దితోని వచ్చే తిప్పలన్నీ ఆడనే.

దుంగను ఎండల పడేసి ఉంచకు. తీసుకున్న వారంల కోపియ్యాలె. కోసినంక కమ్మెల రెండు కొసలకు పాత పెయింటో మైనమో మందంగా పుయ్యి. కొసల నుంచి నీళ్లు తొందరగ పోతయి, నడుమ నుంచి పోవు, ఆ తేడాకే చీలుతది. నీడల, గాలి మరీ కొట్టని కాడ పేర్చు. వరసకూ వరసకూ నడుమ అంగుళం పుల్లలు, రెండడుగులకొకటి, అన్ని వరసలల్ల పుల్లలు ఒకదాని మీదొకటి నిలువుగ రావాలె. అట్ల లేకుంటె కమ్మె వంకర తిరుగుతది. పైన బరువు పెట్టు. ఏప్రిల్, మే నెలలల్ల కోపియ్యకు, వడగాలికి పైపొర ఆరి లోపల పచ్చిగనే ఉంటది. వానకాలం మొదట్ల కోస్తే మెల్లగ ఆరుతది.

తేమ మీటరు పెట్టి చూస్తే 12 శాతం దగ్గరికి వచ్చినంకనే గుమ్మం చెయ్యనియ్యి. మీటరు పైన గుచ్చితే పైన ఆరిందే చూపిస్తది. కమ్మె కొస రెండంగుళాలు కోసి, ఆ కొత్త ముఖం నడుమల గుచ్చి చూడు. మేకు నేరుగ కొడితె చీలుతది, సన్న బరమతోని ముందుగాల తూటు పెట్టాలె.

పర్మిట్ మాత్రం చూసినంకనే పైసలియ్యి. "రేపు" అన్నోళ్లు ఎల్లుండి కూడా గదే అంటరు.